సోమయ్య పోయిన రోజు

ఆ రోజు బాబూమియాకు పని లేదు. జహనుమాలో ఉన్న తన టెంట్ హౌస్‌కు పెళ్ళి ఆర్డరు గానీ దావత్ ఆర్డరు గానీ లేని అరుదైన రోజు అది. పొద్దున్నే చాయ్ తాగి, షాపుకు వెళ్ళి, మురికిపట్టిన తివాచీలను ఉతికించి ఎండలో వేయించాలనీ, మధ్యాహ్నం ఇంటికొచ్చి భార్య ఇక్బాలున్నీసా చేసే దాల్చా తిని కాసేపు నడుం వాల్చాలనీ అనుకున్నాడు. అరవై దాటిన మనిషి అంతకంటే పెద్ద ఆశలేవీ పెట్టుకోలేదు.

ఆ చిన్న ఆశను కూతురు ఫరీహా చెడగొట్టింది. అదీ ప్రేమతోనే. తను కొత్త ఫోన్ కొనుక్కుని, అప్పటిదాకా వాడిన ఐఫోన్‌ను తండ్రి చేతిలో పెట్టింది. బాబూమియా పాత ఫోన్‌కు అద్దం పగిలి, అక్షరాలన్నీ సాలెగూడులో చిక్కుకున్నట్టు కనిపించేవి. అయినా దాన్ని వదలడానికి ఆయనకు మనసొప్పలేదు. పన్నెండేళ్ళుగా ఎన్ని ఫోన్లు మారినా అన్నీ ఒకే తీరువి. ఇది వేరే జాతి.

"అబ్బా, నంబర్లు, ఫొటోలు అన్నీ దాంట్లకెల్లి దీంట్లకు పోతున్నయ్. అయ్యేదాంక రెండిట్ల దేన్నీ ముట్టకుండ్రి," అని చెప్పి ఫరీహా ఆఫీసుకు తయారవడానికి లోపలికి వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే పాత ఫోన్ మోగింది. మోగే ఫోన్‌ను ఎత్తకుండా ఉండటం బాబూమియా వ్యాపారంలో లేదు. మలక్‌పేట నుంచి అమాన్ సాబ్ అనే ఆయన. కొడుకు పెళ్ళి విందు, వలీమా దావత్, ఆ సాయంత్రమేనట. కుర్చీలిస్తానన్నవాడు ఆఖరు నిమిషంలో చేతులెత్తేశాడట. వంద కుర్చీలు, ఒక షామియానా కావాలి. బాబూమియా మాట్లాడుతూ వసారాలోకి వెళ్ళాడు. ఒప్పుకుని తిరిగొచ్చేసరికి రెండు ఫోన్ల మీదా ఏవో ఇంగ్లీషు మాటలున్నాయి. అన్నిటికంటే పెద్దగా ఉన్న బటన్‌ను నొక్కాడు. మాటలు పోయాయి.

"అయిపోయిందా అబ్బా?" అని లోపలి నుంచి ఫరీహా అడిగింది.

"అయిపోయింది బేటీ, అయిపోయింది."

తెలియదని ఒప్పుకోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. ఆఫీసు బండి వచ్చి గేటు ముందు హారన్ కొడుతుంటే ఫరీహా సిమ్ మార్చి, పాత ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసి, దుకాణంలో ఇచ్చేయడానికి దాన్ని సంచిలో వేసుకుంది. నిలబడే రెండు పాఠాలు చెప్పింది.

"తాళం తియ్యాలంటె మీ మొఖం చూపెట్టుండ్రి. అది గుర్తువడ్తది."

"వెనక్కి పోయే బటన్ ఏడుంది?"

"ఉండది అబ్బా. కిందికెల్లి పైకి ఇట్ల జరుపుండ్రి. సీదా ఇంటికొస్తది."

"ఎవరింటికి?"

ఫరీహా నవ్వి వెళ్ళిపోయింది. బాబూమియా మాత్రం నవ్వించడానికి అడగలేదు.

షాపు చేరేలోపే కొత్త ఫోన్ ఆయన్ని మూడుసార్లు ఓడించింది. మొదట దానంతటదే టార్చి వెలిగింది. ఎలా ఆర్పాలో తెలియక కుర్తా జేబులో పెట్టుకుంటే, పట్టపగలు గుండెలో దీపం పెట్టుకున్నవాడిలా దారి పొడుగునా నడిచాడు. తర్వాత అక్షరాలు చీమల్లా చిన్నవైపోయాయి. ఆ తర్వాత ఏదో తెరుచుకుని, ఎంతకీ మూసుకోలేదు. పాత ఫోన్‌లో ఎంత దూరం తప్పిపోయినా ఒక్క బటన్ నొక్కితే వచ్చిన దారిన వెనక్కి రావచ్చు. ఇందులో ముందుకో, లేదా మొత్తానికి బయటికో తప్ప, ఇప్పుడే వదిలిన చోటికి తిరిగి వెళ్ళే దారి ఆయనకు కనపడలేదు.

షాపులో గల్లా ముందు కూర్చుని పేర్ల పట్టీ తెరిచాడు. అప్పుడు తెలిసింది, సగం మంది రాలేదని. బావమరిది లేడు. మేస్త్రీ రాజన్న లేడు. కిరాణా ఆయన లేడు. బాబూమియా వేలు మెల్లగా కిందికి జరిగి, ఒకచోట ఆగింది. సిద్దిఖ్ ఉన్నాడు, సులేమాన్ ఉన్నాడు. వాళ్ళిద్దరి తర్వాత ఉండవలసిన సోమయ్య లేడు.

సోమయ్యతో ఆయన మూడేళ్ళుగా మాట్లాడటం లేదు. కుర్రతనంలో ఇద్దరూ ఒకే సేఠ్ దగ్గర గుంజలు మోశారు. ఒకే పళ్ళెంలో తిన్నారు. ఇద్దరూ కలిసే ఈ టెంట్ హౌస్ తెరిచారు. తర్వాత మోకాళ్ళు అరిగాయని సోమయ్య మాదన్నపేటలో కిరాణా కొట్టు పెట్టుకుని, టెంట్లన్నీ బాబూమియాకే వదిలేశాడు. స్నేహం మాత్రం అలాగే నడిచింది, సోమయ్య కొడుకు శ్రవణ్‌కుమార్ పెళ్ళి దాకా. ఆ పెళ్ళికి బాబూమియా ఇంకెవరికీ కట్టని కొత్త షామియానా కట్టాడు. వేళకాని వేళ గాలివాన వచ్చింది. నీళ్ళ బరువుకు షామియానా ఒక మూల కుంగి, పెళ్ళికూతురి మేనమామ విస్తరి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించింది. ఆ కంగారులో సోమయ్య అందరి ముందూ, "నా కొడుకు పెండ్లికి పాత గుడ్డ కట్టినవురా," అన్నాడు.

బాబూమియా ఆ ఒక్క మాటకే ఇంటికొచ్చేశాడు. ఫరీహాతో చెప్పి సోమయ్య నంబర్‌కు అడ్డం వేయించాడు, ఫోన్ చేసినా మోగకుండా. షాపులో, ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తకూడదన్నాడు. ఎవరూ ఎత్తలేదు. కానీ నంబర్‌ను చెరిపెయ్యలేదు. ఏ పనీ లేనప్పుడు ఫోన్ తెరిచి ఆ పేరు దాకా వెళ్ళి, కాసేపు చూసి, దాటిపోయేవాడు. తలుపు తను మూసుకోవడం ఒక సంగతి. తెల్లారేసరికి గోడలో తలుపే లేకపోవడం మరో సంగతి. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే తివాచీలు దులుపుతున్న రాజన్న లోపలికొచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ షాపులో టెంట్లు కట్టించే మేస్త్రీ అతను.

"ఏమైంది భాయ్? గట్లున్నరేంది?"

"సోమయ్య పోయిండు రాజన్నా."

రాజన్న చేతిలోని కర్ర కింద పడింది. మూడేళ్ళలో ఆ నోటి నుంచి ఆ పేరు వినడం అదే మొదలు.

"ఎప్పుడు?"

"పొద్దుగాల్నే. నేను ఫోన్ మాట్లాడుకుంట అవుతలికి పోయిన. వచ్చేవరకు పోయిండు."

"అయ్యో!"

"ఫరీహా మంచిగనే చేసింది. తప్పంత నాదే. నేను ముట్టకుంటె ఉండెటోడు."

రాజన్నకు ఇది అర్థం కాలేదు. కానీ దుఃఖంలో మనుషులు ఇలాంటి మాటలంటారని అతనికి తెలుసు. "మీరేం జేస్తరు భాయ్," అన్నాడు గొంతు తగ్గించి.

"మల్ల తెచ్చుకుందామంటె, వెనక్కొచ్చే దారే లేదు రాజన్నా. ఆ బటనే పెట్టలే."

రాజన్న దాన్ని వేదాంతంగా తీసుకుని తల ఊపాడు. ఇంతలో బాబూమియాకు మలక్‌పేట గుర్తొచ్చింది. తను ముందు వెళ్ళి స్థలం చూసుకోవాలి. కళ్ళు తుడుచుకుని లేచాడు.

"సరే, నేను ముంగట పోత. నువ్వు కుర్చీలు, షామియానా జల్ది పంపియ్యి. వంద కుర్చీలు. మంచియి చూసి పెట్టు, మాట రావద్దు."

ఎక్కడికో చెప్పలేదు. చెప్పాననే అనుకున్నాడు. రాజన్నకు కూడా అడగాలనిపించలేదు. ఇలాంటప్పుడు ఏ ఇంటికని అడుగుతారా ఎవరైనా? "ఏమో, ఆ ఇంటికే గిట్లెందుకైతుందో," అని గొణుక్కుంటూ, తెల్ల షామియానాను తనే మోసుకొచ్చి ట్రాలీ ఆటోలో పెట్టాడు.

మాదన్నపేట దారిలో రాజన్నకు ఒక అనుమానం వచ్చింది. శవానికి ఐస్ పెట్టె కూడా కావాలా? ఆటోలోంచే బాబూమియాకు ఫోన్ చేశాడు. ఆ సమయానికి బాబూమియా మలక్‌పేటలో ఫంక్షన్ హాలు పక్క ఖాళీ స్థలంలో నిలబడి ఉన్నాడు. జేబులో ఫోన్ మోగింది. తీసి చూస్తే ఎవరిదో పేరు లేని నంబర్. పాత ఫోన్‌లో ఆకుపచ్చ గుండ్రాన్ని నొక్కితే సరిపోయేది. ఇక్కడ ఏదో జరపాలి, ఎటో తెలియదు. ఒకచోట నొక్కాడు, ఇంగ్లీషులో నాలుగు వరసలు వచ్చాయి. మొదటి వరస నొక్కాడు. మోత ఆగింది.

రాజన్న ఫోన్‌కు ఇంగ్లీషులో ఒక సందేశం వచ్చింది. ట్రాలీ నడిపే ప్రణీత్‌కు చూపిస్తే అతను చదివి చెప్పాడు. "'క్షమించు, ఇప్పుడు మాట్లాడలేను' అని పెట్టిండు."

రాజన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఇరవై ఏండ్లల్ల భాయ్ నాకు ఎన్నడు గిట్ల పెట్టలే. లోపల ఎంతుంటె గిది పెడ్తడు!"

ఇంటికి కబురు చెప్పాలనిపించి రాజన్న ఇక్బాలున్నీసాకు ఫోన్ చేశాడు. ఆమె నమ్మలేక భర్తకు చేసింది. ఆమెకూ అదే సందేశం. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో భర్త ఆమెను క్షమించమని అడగడం అదే మొదటిసారి. ఇక ఆమెకు ఏ అనుమానమూ మిగల్లేదు. బురఖా వేసుకుని ఏడుస్తూ మాదన్నపేటకు ఆటో ఎక్కింది. ఆమె చెల్లెలు, తమ్ముడు, పాత పనివాళ్ళు, బాబూమియాకు ఫోన్ చేసిన ప్రతివాళ్ళకూ అదే జవాబు వెళ్ళింది. ఎవరికీ వేరే రుజువు అక్కర్లేకపోయింది.

మాదన్నపేటలో సోమయ్య ఇంటికి తాళం వేసి ఉంది. కొడుకూ, కోడలు కీర్తిప్రియా ఉద్యోగాలకు వెళ్ళారు. ఎదురింటి వరమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. రాజన్న మనుషులు గుంజలు పాతడం చూసి బయటికొచ్చింది.

"ఏందయ్యా, ఏమైంది?"

"సోమయ్య సాబ్ పోయిండమ్మా."

"అయ్యయ్యో! పొద్దుగాల ఆటో ఎక్కుతుంటె నేనే చూసిన! కండ్లు మసకలైతున్నయ్ వరమ్మా, దవాఖానకు పోతున్న అన్నడు!"

ఇంకేముంది? శవం దవాఖాన నుంచి రావాలన్నమాట; కొడుకూ కోడలూ అక్కడే ఉండి ఉంటారని అందరూ అనుకున్నారు. కబురు గల్లీ దాటి కూరగాయల మార్కెట్ దాకా పోయింది. దుకాణాల షట్టర్లు దిగాయి. ఎవరో పూలదండలు తెచ్చారు. మధ్యాహ్నానికి వంద కుర్చీలూ నిండాయి. సోమయ్య జేబులో ఫోన్ ఉంటుందని అందరికీ తెలుసు. కానీ చనిపోయినవాడికి ఫోన్ చేసి కనుక్కుందామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

మలక్‌పేటలో అమాన్ సాబ్ సహనం నశించింది. "కుర్చీలేవి మియా? మగరిబ్ నమాజ్ తర్వాత మంది వస్తరు!" బాబూమియా రాజన్నకు ఫోన్ చేద్దామనుకున్నాడు. రాజన్న నంబరూ రాలేదు. ఇన్నేళ్ళుగా ఫోన్ గుర్తుపెట్టుకుంటుందని ఆయన ఏ నంబరూ గుర్తుపెట్టుకోలేదు. కోపంగా ఆటో ఎక్కి జహనుమాకు తిరిగొచ్చాడు. షాపు మూసి ఉంది. తివాచీలు అలాగే గోడ మీద వేలాడుతున్నాయి.

పక్క చాయ్ హోటల్ యజమాని బయటికొచ్చి ఆయన్ని వింతగా చూశాడు. "మీరింక గీడనే ఉన్నరా బాబూభాయ్? అందరు మాదన్నపేట పోయిండ్రు గద. సోమయ్య సాబ్ ఇంతెకాల్ అయిండంట. మయ్యత్ ఇంక దవాఖానల్నే ఉన్నదంట."

బాబూమియా ఇంకో ఆటో పిలిచాడు. పొద్దున తను అన్న మాటే ఊరంతా తిరిగి, మనిషిని చంపి, తన దగ్గరికే వచ్చిందని ఆయనకు ఎలా తోస్తుంది? ఆయనకు తోచింది ఒక్కటే. పొద్దున పేరు మాయమైంది, మధ్యాహ్నానికి మనిషి మాయమయ్యాడు. అల్లా ముందే చెప్పాడు, తనకే అర్థం కాలేదు.

ఆటోలో కూర్చుని ఫోన్ తీశాడు. ఎవరికి చెయ్యాలో, ఏం చెప్పాలో తెలియదు. ఊరికే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ముఖం ముందు పెట్టుకున్నాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆ ముఖాన్ని ఫోన్ గుర్తుపట్టలేదు. మళ్ళీ చూపించాడు. మళ్ళీ కాదంది. మూడేళ్ళుగా ఈద్‌కు షీర్ ఖుర్మా మాదన్నపేటకు పంపలేదు. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి ఆలింగనం చేసుకునే మనిషి రాలేదు. ఇదంతా ఒక తడిసిన గుడ్డ కోసం. "కొత్త గుడ్డే సోమయ్యా, ఖసమ్ సే కొత్తదే," అని ఒక్కసారి ఎదురుగా నిలబడి చెప్పి ఉంటే పోయేది. ఆటో డ్రైవర్ అద్దంలో చూసి, ఏమీ అడగకుండా బండి వేగం తగ్గించాడు.

గల్లీ మొదట్లోనే దిగి నడిచాడు. తన తెల్ల షామియానా, తన కుర్చీలు. రాజన్న తనకంటే ముందే తెలుసుకుని పంపాడని మనసులో దీవించాడు. ఆడవాళ్ళ మధ్య ఇక్బాలున్నీసా బురఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ముందుకు పోవడానికి బాబూమియాకు ముఖం చెల్లలేదు. బతికుండగా రానివాడు ఇప్పుడు ముందు వరసలో ఎలా కూర్చుంటాడు? చిట్టచివరి వరసలో, గుంజ పక్కన ఖాళీ కుర్చీలో కూలబడి, రుమాలు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపటికి పక్క కుర్చీలోకి ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. నల్ల కళ్ళద్దాలు, ఎండకు తల మీద తువ్వాలు. మలక్‌పేట కంటి దవాఖానలో చుక్కల మందు వేయించుకుని, అన్నీ మసకమసకగా కనిపిస్తుంటే గోడలు తడుముకుంటూ వచ్చిన మనిషి. గల్లీలో షామియానా ఉంది కనుక ఎవరో పోయారు. పోయారు కనుక కాసేపు కూర్చోవడం మర్యాద. ఆయన పక్కకు వంగి మెల్లగా అడిగాడు.

"ఎవరు పోయిండ్రన్నా?"

"సోమయ్య," అన్నాడు బాబూమియా రుమాలు తియ్యకుండానే.

పక్క మనిషి ఇంకాస్త వంగాడు.

"ఏ సోమయ్య?"

"నా సోమయ్య. నా దోస్తు. కొత్త గుడ్డ కట్టినా పాతదన్నడని మూడేండ్లు మాట్లాడలే. నేను ముండ్ల కంప లెక్క కూసున్న, వాడు పోయిండు."

"బాబూ," అన్నాడు పక్క మనిషి, "నేనింక పోలేదురా."

బాబూమియా రుమాలు తీశాడు. చూశాడు. అరిచిన అరుపుకు ముందు వరస దాకా తలలు తిరిగాయి. వరమ్మ చేతిలో దండ జారవిడిచి దేవుడి పేర్లన్నీ ఒకేసారి తలుచుకుంది. బాబూమియా సోమయ్య బుగ్గలు పట్టుకున్నాడు, భుజాలు తడిమాడు, నల్లద్దాలు తీసి కళ్ళల్లోకి చూశాడు. "బతికే ఉన్నడు! అరె, బతికే ఉన్నడు!" రాజన్న పరుగెత్తుకొచ్చాడు.

"ఎవడురా చెప్పింది సోమయ్య పోయిండని?" అని బాబూమియా గర్జించాడు.

"మీరే గద భాయ్!"

"నేనెప్పుడు చెప్పిన?"

"పొద్దుగాల. గల్లా కాడ ఏడ్సుకుంట. 'సోమయ్య పోయిండు రాజన్నా' అంటిరి గద!"

"అరె, ఫోన్లకెల్లి పోయిండన్న! నంబర్! నంబర్ పోయింది!"

"మరి కుర్చీలు పంపుమంటిరి?"

"మలక్‌పేటకు!"

తర్వాత వెనక నుంచి ఎవరో ఫక్కుమన్నారు. అంతే, షామియానా కింద నవ్వు మొదలై గల్లీ చివరిదాకా పోయింది. దండలు తెచ్చినవాళ్ళు ఆ దండలే సోమయ్య మెడలో వేశారు. బాబూమియా నవ్వుతూ, ఏడుస్తూ, సోమయ్య చెయ్యి వదలకుండా గట్టిగా కేకేశాడు.

"నాగమణమ్మా! ఏడున్నవమ్మా? చాయ్ పెట్టు! నీ మొగడు బతికొచ్చిండు!"

నవ్వు ఆగిపోయింది. ఎవరో ఆపమన్నట్టు కాదు, దానంతటదే ఆగింది. సోమయ్య చెయ్యి బాబూమియా చేతిలో బిగుసుకుంది. ఆడవాళ్ళ మధ్య నుంచి ఇక్బాలున్నీసా లేచి వచ్చింది. సోమయ్య బతికి వచ్చినా ఆమె ఏడుపు ఆగలేదని బాబూమియా అప్పుడు చూశాడు.

"నాగమణమ్మ పోయిందంట," అంది.

"ఏడికి పోయింది?"

బాబూమియా అందరి ముఖాలూ చూశాడు, చివరికి రాజన్న ముఖం. రాజన్న తల దించుకున్నాడు.

"పోయిన దసరాకు ముందు భాయ్. గుండె ఆగింది. నేను వచ్చిన ఆ దినం. మీకు ఎరుకే అనుకున్న. ఆ పేరు ఎత్తొద్దంటిరి గద, గందుకే నేనేం అనలె."

బాబూమియా కుర్చీలో కూర్చున్నాడు. నాగమణమ్మ ఆయన్ని 'బాబన్నా' అని పిలిచేది. టెంట్ హౌస్ తెరిచిన కొత్తలో, చిరిగిన ప్రతి గుడ్డనూ అరుగు మీద కూర్చుని ఆమే కుట్టేది. రంజాన్‌లో ఆయన ఉపవాసం విడిచే వేళకు పెసర వడలు పంపేది. ఆమె పోయి ఇన్ని నెలలయినా, పాత నగరంలో తన ఒక్క ఇంటికే తెలియదు.

"నాకొక్క ఫోన్ చెయ్యకపోతివి సోమయ్యా," అన్నాడు.

సోమయ్య ముఖం గట్టిపడింది. "చెయ్యలేదా? దవాఖానకెల్లి ఎన్నిసార్లు చేసిన! ఆమెనే అడిగింది, బాబన్నకు కలిపియ్యి అని. ఒక్కపారి మోగుడు, కట్టైపోవుడు. ఎత్తుతలేడే అన్న. పనిల ఉన్నడేమో, మల్ల చెయ్యి అన్నది. ఆఖరుకు నేనే చెయ్యి గుంజుకున్న." ఆగి, మెడలోని దండను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆమె పోయిన్నాడు నీ షాపుకెల్లి ఒక్క కుర్చి రాలే. ఇంకెవరిదో టెంటు కింద కూసున్న నేను. నీతోని గుంజలు మోసినోన్ని! ఈయాల నేను బతికుండంగ వంద పంపినవు."

నంబర్‌కు అడ్డం వేయించిన సంగతి బాబూమియా చెప్పాలి. చెబితే సోమయ్య లేచి వెళ్ళిపోతాడేమో. అయినా చెప్పాడు. పెళ్ళి జరిగిన నాడే, కోపంలో, ఫరీహా చేత. ఏ వేలితో ఎక్కడ నొక్కించాడో కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూశాడు.

సోమయ్య లేవలేదు. ఒళ్ళోని దండను పక్కన పెట్టాడు.

"ఆ గుడ్డ కొత్తదే అని ఆమె నాకు ఆ దినమే చెప్పింది. ఇంటికి పోంగనే. 'పట్టి చూసిన, గంజి గూడ పోలె, బాబన్నను అనరాని మాట అన్నవు, పోయి చెప్పు' అన్నది. నేనే పోలె. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంట కూసున్న."

బాబూమియా భుజాలు ఏడుపుతో కదలసాగాయి. సోమయ్య చుక్కల మందు వేసిన కళ్ళు తుడుచుకోకూడదని దవాఖానలో చెప్పారు. అందుకని తుడుచుకోలేదు. లేచి వెళ్ళబోతున్నవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. సోమయ్య కోసం వచ్చినవాళ్ళు, నెలలు ఆలస్యంగా, నాగమణమ్మను తలుచుకున్నారు. ఆమె ఎవరికి ఏ జ్వరంలో కషాయం పెట్టిందో వరమ్మ చెప్పింది. ఇక్బాలున్నీసా సోమయ్య దగ్గర తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్ళి, ఆ వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుంటుందో ఎవరినీ అడగకుండానే అందరికీ చాయ్ పెట్టింది.

పొద్దు వాలుతుంటే సోమయ్యే గుర్తు చేశాడు. "మలక్‌పేటోళ్ళకు మాటిచ్చినవంటివి. కుర్చీలు పంపు. పాపం, పెండ్లిల్లు."

"నువ్వు?"

"నాకేమైతది? తివాచీ ఉంటె ఏపియ్యి. కింద కూసుందాం."

రాజన్న కుర్చీలు ఎక్కించుకున్నాడు. షామియానా విప్పబోతే బాబూమియా వద్దని, షాపులో ఉన్న ఇంకోటి తీసుకెళ్ళమన్నాడు. దీన్ని ఒక్క రాత్రయినా ఉండనివ్వమన్నాడు. ట్రాలీలోంచి దింపిన తివాచీ పరిచాక సోమయ్యే ముందు కూర్చుని, పక్కన చోటు వదిలాడు. అంతలో ఎదురింటి నుంచి వరమ్మ మెల్లగా వచ్చి నిలబడింది.

"ఎట్లాగు కట్టిండ్రు గద భాయ్, రేపు సాయంత్రం దాంక ఉండనియ్యరాదుండ్రి? మా మనవరాలు బేబీ పుట్టినరోజు."

మర్నాడు సాయంత్రం బేబీ పుట్టినరోజు ఆ తెల్ల షామియానా కిందే జరిగింది; టెంటు బాగానే ఉందిగానీ లైట్లు తక్కువ పెట్టారని వరమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.